పలక మీద రెండో వరుస

నా కూతురు లూపె చర్చి మెట్ల మీద నిలబడి ఒక్క మాట తడబడకుండా వేదపుస్తకంలోని వాక్యం ఒప్పజెప్పింది. ఊళ్ళోవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కాళ్ళు చల్లబడ్డాయి. పోయిన వారం రాయడం అక్కడ ఆపేశాను. ఎందుకు చల్లబడ్డాయో రాయడానికి చెయ్యి ఆడలేదు. దాటేద్దామన్నా కుదరదు, ఆ సాయంత్రం జరిగినదంతా ఆ ఒక్క సంగతి మీదే ఉంది.

తెల్ల ఆదివారం మా సవాయీ ద్వీపంలో పిల్లల పండగ. ఆ రోజు పిల్లలు తిన్నాకే పెద్దలు తింటారు. తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం కంఠతా చెప్తారు. మూడు వారాల ముందే పాస్టరుగారి భార్య కాగితాన్ని చీలికలుగా చింపి, ఒక్కో చీలిక మీద ఒక్కో వాక్యం రాసి పిల్లల చేతిలో పెడుతుంది. ఇంట్లో తల్లి చదివి చెప్పాలి, పిల్ల వల్లె వెయ్యాలి. లూపె తన చీలిక తెచ్చి నా ఒళ్ళో పెడితే నేను దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తప్పిపోయిన గొర్రె వాక్యం చెప్పాను. రెండు వారాలు అదే వల్లె వేయించాను.

చర్చి మెట్ల మీద రిహార్సల్ నాడు లూపె చెప్పింది గొర్రె వాక్యం కాదు. దీపం వాక్యం.

పాస్టరుగారి భార్యని మేం పేరుతో పిలవం, ఫలేతువా అంటాం. ఆవిడ తన కాగితం చూసుకుని, "చీలిక మీద ఉన్నది ఉన్నట్టు చెప్పింది!" అంది. అంటే చీలిక మీద ఉన్నది దీపం. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఎందుకంటే అప్పటికి నాకు చదవడం రాదు.

ఇప్పుడు ఈ వరుసలు రాస్తున్నది నేనే కదా అంటారేమో. ఎవరు నేర్పారో, ఎంత ఖరీదుకి నేర్చుకున్నానో ముందు ముందు చెప్తాను. అప్పట్లో మాత్రం నేను చర్చి బడిలో మూడో క్లాసు దాటని మనిషిని. చిన్నప్పుడు ఫలేతువా కర్ర తిప్పుతుంటే గోడ మీద అక్షరాల బొమ్మల పటం చూసి పాడాను, కీర్తనలన్నీ నోటికి పట్టాను, తెల్ల ఆదివారం నాడు బహుమతిగా గుడ్డముక్క కూడా గెలిచాను. చర్చిలో పుస్తకం తెరిచి పట్టుకుంటే నోరు దానంతటదే నడిచిపోయేది. కట్టుకున్న మొగుడికి కూడా అనుమానం రాలేదు.

ఒక్క మా అత్తగారు సెఫీనా మాత్రం పట్టేసింది. ముప్పై ఏళ్ళు బడిలో చిన్నపిల్లలకి దిద్దించిన మనిషి. పెళ్ళయిన మొదటి వారమే నేను కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకోవడం చూసింది. ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం, "ఏవమ్మా పంతులమ్మా, ఉప్పు డబ్బా మీద ఏం రాసుంది?" అని నవ్వేది. ఆ పేరు మా ఇద్దరి మధ్యే ఉండేది. "చెయ్యి ఇలా ఇవ్వు, దిద్దిస్తాను, ఆరు నెలల్లో వచ్చేస్తుంది" అని ఎన్నిసార్లు అడిగిందో. నేను సిగ్గుపడి చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని. "నేను పోయేలోగా నీకు నేర్పే పోతాను, చూడు" అనేది.

జూన్‌లో పోయింది. ఇంటి ముందే, తెల్ల పలకరాళ్ళ కింద ఉంది. నెల రోజులుగా లూపె రోజూ సాయంత్రం పలక పట్టుకుని వెళ్ళి ఆ రాళ్ళ మీదే కూర్చుంటోంది.

* * *

రిహార్సల్ అయిన సాయంత్రం నేను కోకో కాస్తుండగా ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు. కలిసి అనకూడదు, ఒకరి వెనక ఒకరు. ముందు ఫలేతువా, పెద్ద ఒళ్ళు, చేతిలో విసనకర్ర. వెనక సోలియా టీచరమ్మ. మా ఊరి పిల్లే, ఆపియా పట్నంలో ట్రైనింగు చదివి ఈ ఏడే మా బడికి వచ్చింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. కాగితం పట్టుకుని మా ఇంటికి ఎవరు వచ్చినా నేను ఏదో పని వెతుక్కుంటాను.

చాపలు పరిచాను. ఫలేతువా కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"చెప్పవే పెనీనా, ఈ టీచరమ్మకి నువ్వే చెప్పు. మీ లూపెకి చదవడం రాదట! ఊరంతా విన్నాక కూడా రాదట!"

"రాదనలేదు ఫలేతువా" అంది సోలియా. గొంతు మర్యాదగానే ఉంది, మెడ మాత్రం నిటారుగా ఉంది. "నా క్లాసులో రాలేదన్నాను. మొన్న పరీక్షలో 'పడవ ఒడ్డున ఉంది' అన్న ముక్క ఇచ్చాను. నోరు తెరవలేదు. ఇదిగో కాగితం."

"ఆ పడవేదో దానికి ముందు చెప్పి ఉంటే చదివేది."

"ముందే చెబితే ఇంక చదవడం ఏముందండీ? ఎప్పుడూ చూడని ముక్కని చూసి, శబ్దం శబ్దం కలుపుకుని, మాట పైకి తియ్యాలి. చదవడమంటే అదీ."

"శబ్దాలా! విన్నావా పెనీనా? నిన్న బడి పక్కనుంచి వస్తుంటే లోపల పిల్లలంతా ఫూ ఫూ, స్ స్ అంటున్నారు. పొయ్యి ఊదుతున్నారేమో, బళ్ళో వంట పెట్టారేమో అనుకున్నాను!"

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. సోలియా నవ్వింది.

"మీ పటం పాట కంటే నయమే లెండి. బుట్ట, ఏనుగు, కప్పు అని కర్రతో పాటు తలలూపుతారు. వరుస మార్చి చూపిస్తే సగం మంది దిక్కులు చూస్తారు."

"పాటని మధ్యలోంచి పాడమంటే ఎవరికి వస్తుంది? ఈ ద్వీపంలో ఒక్కడు కూడా ఏనుగుని చూడలేదు. అయినా ఆ అక్షరం ఎవడూ మర్చిపోలేదు. మీ అమ్మ ఆ పటం ముందే నేర్చుకుంది. నువ్వూ అంతే."

"నాలుగో క్లాసుకొచ్చినా ఇంటికొచ్చిన ఉత్తరం చదవలేని వాళ్ళు నా దగ్గర తొమ్మిది మంది ఉన్నారు. అందరూ కీర్తనలు తప్పు లేకుండా పాడతారు. నోరు చదువుతోంది ఫలేతువా, కళ్ళు చదవడం లేదు. అలాగే పెద్దవాళ్ళయిపోయి, బతుకంతా దాచుకుంటూ తిరుగుతారు. ఎంత భయమో పాపం!"

నేను తల వంచుకుని కోకో గిన్నెల్లో పోశాను. ఆమె నన్ను చూసి అనలేదు. అయినా నాకు చెవులు వేడెక్కాయి.

ఫలేతువా విసనకర్ర ఆపింది. "సరే, దీన్ని తేల్చడానికే కదా వచ్చాం. ఇదిగో పెనీనా, ఆ వాక్యం లూపెకి ఇంట్లో నేర్పింది నువ్వు. ఎలా నేర్పావు? నాలాగా వల్లె వేయించావా, ఈవిడ చెప్పినట్టు ఊదించావా? ఉన్నది చెప్పు. నీ మాట మీద ఇద్దరం నిలబడతాం."

ఇద్దరు చదువుకున్న ఆడవాళ్ళు నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా పద్ధతి ఏమిటని అడుగుతున్నారు. నాకు వచ్చిన చెమట ఇప్పటికీ గుర్తుంది.

"రోజూ... చదివించానండీ" అన్నాను. "కోకో తీసుకోండి."

"ఎలా చదివించావు? వేలు పెట్టించావా?" సోలియా ముందుకి వంగింది.

జవాబు చెప్పే పని లేకుండా సముద్రం వైపు నుంచి శంఖం ఊదారు.

మా ఊళ్ళో సాయంత్రం మొదటి శంఖం మోగితే ఎక్కడివాళ్ళు అక్కడే లోపల కూర్చోవాలి. రెండో శంఖం దాకా ప్రార్థన. దారిలో కుర్రాళ్ళు వరుసగా నిలబడతారు. ఆ వేళ బయట అడుగు పెట్టిన మనిషి పాస్టరుగారి భార్య అయినా సరే, ఊరి పెద్దలకి జరిమానాగా పందిని ఇచ్చుకోవాల్సిందే. ఆ ఇద్దరూ మా ఇంట్లో ఇరుక్కుపోయారు. నేను తడికలు దించబోతూ తలలు లెక్క చూసుకున్నాను. ముగ్గురం.

"లూపె!"

మా ఇళ్ళకి గోడలుండవు, స్తంభాల మధ్య నుంచి కనిపిస్తూనే ఉంది. పదిహేను అడుగుల దూరంలో, నానమ్మ రాళ్ళ మీద. నేను కాలు బయట పెట్టబోతే ఫలేతువా నేను నడుముకి చుట్టుకున్న లావలావా అంచు పట్టుకుని లాగింది.

"ఆ రాళ్ళు మీ ఇంట్లోవే, పిల్లని ఎవరూ ఏమీ అనరు. నువ్వు కూర్చో."

నాకు ముందు చెడే తోస్తుంది, అది నా పుట్టుక. లూపె దగ్గితే ఊపిరితిత్తులు, ఆలస్యమైతే సముద్రం. కానీ ఆ సాయంత్రం ఏ పేరు పెట్టి భయపడాలో కూడా తెలియలేదు. ఎందుకంటే లూపె రాళ్ళ మధ్యలో కూర్చోలేదు. ఒక పక్కకి జరిగి కూర్చుంది. బెంచీ మీద ఇంకొకరికి చోటు ఇచ్చినట్టు.

మా ఆయన ఆపియా రేవులో పనిలో ఉన్నాడు, శనివారం గాని రాడు. ఇంటి పెద్ద లేకపోతే ఇల్లాలే చదవాలి. ఫలేతువా వేదపుస్తకం అందుకుని, పేజీ తెరిచి నా చేతిలో పెట్టింది. "నీ ఇల్లు. నువ్వే చదువు."

చదివాను. అంటే, నోరు తెరిచాను. గొర్రె వాక్యమే వచ్చింది, పొరపాటు లేకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. నా కళ్ళు మాత్రం తడిక సందులోంచి బయటే ఉన్నాయి. లూపె ఒళ్ళో పలక. కుడి చెయ్యి కదులుతోంది. పిల్లలు రాసేటప్పుడు కదిలినట్టు కాదు. మణికట్టు కొంచెం పైకి లేచి, వేళ్ళు వదులుగా, చెయ్యి మొత్తం తన బరువు తనది కానట్టు తేలుతోంది. లాక్కెళ్ళినట్టు. చెయ్యి పట్టి దిద్దిస్తే చిన్నపిల్లల చెయ్యి అలాగే ఉంటుంది.

వాక్యం అయిపోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు.

ఫలేతువా మెల్లగా అంది. "నేను తెరిచిచ్చింది అది కాదే అమ్మాయ్. నేనిచ్చింది పెళ్ళివిందు గురించి."

"నీ కళ్ళు పుస్తకం మీద లేవు పెనీనా" అంది సోలియా. తప్పు పట్టినట్టు అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఎనిమిదేళ్ళు దాచాను. మొగుడి దగ్గర, ఊరి దగ్గర, దుకాణంలో, క్లినిక్కులో. మందు సీసాల మీద కాగితం చూసి తల ఊపి, ఇంటికొచ్చాక రంగును బట్టి గుర్తు పెట్టుకున్నాను. లూపెకి జ్వరం వచ్చిన ప్రతిసారీ ఏ సీసా ఏదోనని చచ్చి బతికాను. అదంతా ఆ చాప మీద జారిపోయింది.

"నాకు రాదు" అన్నాను. "ఒక్క అక్షరం కూడా రాదు. చీలిక మీద దీపం ఉందని నాకు తెలియదు. నేను దానికి నేర్పింది గొర్రె."

నన్ను తిడతారనుకున్నాను. ఫలేతువా మొహంలో రంగు పోయింది. నాకు పటం ముందు పాడించింది ఆవిడే, బహుమతి గుడ్డ ఇచ్చిందీ ఆవిడే. "నువ్వు నా బడిలో అందరికంటే బాగా..." అని ఆపేసి, విసనకర్రని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. సోలియా గెలిచింది. అయినా గెలిచిన మొహం పెట్టలేదు. చెయ్యి చాపి నా మోకాలి మీద వేసింది.

"మరి దీపం ఎవరు నేర్పారు?" అంది సోలియా.

"నేను నేర్పలేదు" అంది ఫలేతువా. "చీలిక ఇవ్వడమే. పిల్లలకి చదివి వినిపించలేదు."

"నా క్లాసులో ఆ వాక్యం రానే లేదు" అంది సోలియా.

ముగ్గురం ఒకేసారి తడిక సందు వైపు చూశాం. బయట వెలుతురు బూడిదరంగులోకి దిగింది. లూపె చెయ్యి ఇంకా తేలుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి, ఒక మాట అనడం, ఆగి వినడం, మళ్ళీ అనడం. ఒకసారి తల పక్కకి తిప్పి నవ్వింది. తప్పు చేస్తే టీచరు ముద్దుగా మొట్టినప్పుడు నవ్వినట్టు.

"కర్ర లేదు, శబ్దాలు లేవు" అంది సోలియా, తనలో తాను అనుకుంటున్నట్టు. "చెయ్యి పట్టి దిద్దించడం. ఈ ఊళ్ళో అలా నేర్పింది ఒక్కరే. నాకూ ఆవిడే నేర్పారు. 'అక్షరం ముందు చేతికి తెలియాలే, కంటికీ చెవికీ తర్వాత' అనేవారు."

"నేనూ ఆవిడా దాని మీద పదేళ్ళు పోట్లాడుకున్నాం" అంది ఫలేతువా. "చెయ్యి పట్టుకుంటే పిల్లకి సొంత చెయ్యి ఎప్పుడొస్తుందని అడిగేదాన్ని. 'నేను వదిలినప్పుడు' అనేది."

ఆ మాట విన్నాక నాకు ఒక్కటే తోచింది. వదలకపోతే?

రెండో శంఖం మోగింది. నేను అరిచానో పిలిచానో గుర్తు లేదు. లూపె పలకని గుండెకి ఆనించుకుని, రాళ్ళు దిగి, మామూలుగా నడిచి వచ్చింది. దిగే ముందు పక్కకి తిరిగి తల వంచి దణ్ణం పెట్టింది, బడి అయిపోయాక పెట్టినట్టు. నేను దాని కుడి చెయ్యి పట్టుకున్నాను. పగలంతా కాగిన రాళ్ళ మీద కూర్చున్న పిల్ల. ఎడమ చెయ్యి వెచ్చగా ఉంది. కుడి చెయ్యి నీళ్ళకుండలోంచి తీసినంత చల్లగా ఉంది. మొసొఓయి పూలు వేసి కాచిన కొబ్బరినూనె వాసన వేస్తోంది. ఆ నూనె సీసా జూన్ నుంచీ మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

"ఎవరే నీకు నేర్పుతోంది?" అన్నాను.

"నానమ్మ" అంది లూపె, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నాది అయిపోయిందట అమ్మా. దీపంతో నా పాఠం అయిపోయింది. ఇవాళ్టిది నాది కాదు. తీసుకెళ్ళి ఇవ్వమంది."

పలక తిప్పి చూపించింది.

నాకు అక్షరాలు తెలియకపోయినా ఆ చేతిరాత తెలుసు. పంచదార డబ్బాల మీద, చాపల మూటల మీద, పుట్టినరోజులు రాసుకునే పుస్తకంలో ఎనిమిదేళ్ళు చూసిన అత్తగారి రాత. కుడికి వాలిన పొడుగాటి గీతలు, ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తూ, చివర ఒక తోక విదిలింపు. సోలియా బడిలో పిల్లలు రాసేది విడివిడిగా, గుండ్రంగా, గులకరాళ్ళు పేర్చినట్టు. ఇది అది కాదు. రెండు వరుసలు ఉన్నాయి.

ఫలేతువా ముందు చూసింది. పెదవులు కదిపి, రెండో వరుస దగ్గర ఆగిపోయింది. సోలియా ఆవిడ భుజం మీంచి చదివింది. చదివి, నా వైపు చూసి, కళ్ళు దించేసుకుంది.

"ఏముంది?" అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏముందమ్మా? నాకు రాదని చెప్పాను కదా. ఎవరో ఒకరు చదవండి."

"పిల్ల రాతలే పెనీనా" అంది సోలియా. "ఏదో గీసింది."

"అవును, ఏదో గీసింది" అంది ఫలేతువా.

వచ్చినప్పటి నుంచీ ఒక్క మాట మీద కలవని ఇద్దరు ఆడవాళ్ళు ఆ మాట మీద కలిశారు. అప్పుడు నిజంగా భయం వేసింది.

"నేను చదవనా అమ్మా?" అంది లూపె. ఎవరూ ఆపేలోపే పలక మొదటి వరుస కింద వేలు పెట్టింది. పాటలా పాడలేదు, ఊదలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు చదివింది.

"ఏవమ్మా పంతులమ్మా, నీకు నేర్పకుండా పోనన్నాను కదా, పోలేదు. రేపటి నుంచి నువ్వు రా."

ఆ పేరు బతికున్నవాళ్ళలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇంతసేపూ నా పిల్ల కోసం భయపడ్డాను. పిల్ల కోసం రాలేదు ఆవిడ. పిల్ల చేత నాకు కబురు పంపింది.

లూపె వేలు రెండో వరుస కిందికి జరిగింది. ఊపిరి తీసుకుంది. ఫలేతువా విసనకర్ర విసిరేసి పిల్ల నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టింది. సోలియా నీళ్ళకుండలో గుడ్డ ముంచుకుని పరుగున వచ్చింది, పలక తుడిచెయ్యడానికి.

నేను పలక లాక్కున్నాను. స్తంభానికి వీపు ఆనించి, ఆఖరి వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాను. వాలిన గీతలు, ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నవి. రెండో వరుస మధ్యలో ఒక చిన్న మాట తెలుసు నాకు. ప్రతి రోజూ లూపె పుస్తకాల అట్టల మీద చూసేదే. నా కూతురి పేరు.

మిగతాది ఎంత చూసినా గీతలే.